నెమ్మది అటాకర్‌కు నాలుగు టర్న్‌లు: డబుల్స్‌లో ఒక అర్సలూనా కేసు

ఈ కేసు ఒక మధ్యస్థాయి ఆటగాడిది. పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ వీడియో గేమ్‌ల డబుల్స్‌లో (ఇరువైపులా ఒకేసారి ఇద్దరేసి పోకెమాన్‌లు ఆడే పోటీలో), 2024 సెప్టెంబరులో మొదలైన రెగ్యులేషన్ హెచ్ (ఏ పోకెమాన్‌లను వాడవచ్చో చెప్పే నియమావళి) కింద, అతను అర్సలూనా అనే పోకెమాన్‌ను ప్రధాన అటాకర్‌గా పెట్టుకుని ఆడుతున్నాడు. బెస్ట్ ఆఫ్ త్రీ పోరాటాల్లో మొదటి గేమ్ తరచుగా గెలిచి, మిగిలిన రెండూ ఓడిపోవడం అతని సమస్య. బలమైన అటాకర్ చేతిలో ఉండి కూడా మొదటి గేమ్ తర్వాత ఎందుకు తేలిపోతున్నానన్నది అతని ప్రశ్న. రీప్లేలు చూసి, టీమ్‌ను మార్చి, మార్పుల తర్వాతి ఆటను మళ్లీ పరిశీలించిన మేరకు ఈ నివేదిక రాస్తున్నాను. ఆరింటిలోంచి నలుగురిని ఎంచుకోవడం, అన్నీ లెవెల్ 50లో ఆడటం, అధికారిక పోటీల్లో ఇరువైపులా టీమ్ షీట్లు తెరిచి చూపడం పాఠకులకు తెలుసనుకుంటున్నాను. షీట్‌లో ఐటమ్, ఎబిలిటీ, మూవ్‌లు, టెరా టైప్ (పోరులో ఒకసారి మారగలిగే టైప్) కనిపిస్తాయి, స్టాట్లు కనిపించవు. ఈ తేడా ముందు ముందు అవసరపడుతుంది.

అర్సలూనా బేస్ అటాక్ 140, హెచ్‌పీ (ప్రాణశక్తి) 130, స్పీడ్ 50. ఎబిలిటీ గట్స్, ఐటమ్ ఫ్లేమ్ ఆర్బ్. ఆర్బ్ దానికి బర్న్ తెస్తుంది, ఆ బర్న్ వల్ల గట్స్ అటాక్‌ను ఒకటిన్నర రెట్లు చేస్తుంది, ఫసాడ్ అనే దాడి బలం 70 నుంచి 140కి పెరుగుతుంది. అటాక్‌లో 252 ఈవీలు (శిక్షణ పాయింట్లు), అటాక్ పెంచి స్పీడ్ తగ్గించే బ్రేవ్ నేచర్ ఇస్తే అటాక్ 211, గట్స్‌తో 316. ఈ స్థాయిలో ఫసాడ్ తగిలితే, హెచ్‌పీ పూర్తిగా పెంచి డిఫెన్స్‌లో ఏమీ పెట్టని ఇన్సినరోర్‌కు 226 నుంచి 267 వరకు డ్యామేజ్ పడుతుంది. దానికి ఉన్నది 202 మాత్రమే. బర్న్ వల్ల టర్న్‌కు పదహారో వంతు, అంటే 237 హెచ్‌పీలో 14 పోతుంది. ఈ ధర ఎవరైనా సంతోషంగా చెల్లిస్తారు. పైగా ఒకసారి బర్న్ పట్టాక నిద్ర పట్టదు, పక్షవాతం రాదు. అమూంగస్ వేసే నిద్ర మూవ్ స్పోర్ దాని మీద పనిచేయదు.

స్పీడ్ సమస్యను ట్రిక్ రూమ్ తీరుస్తుంది. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ గేమ్‌ల నుంచీ ఈ మూవ్ ఉంది. ఇది ఉన్నంతసేపు, ఒకే ప్రయారిటీ (స్పీడ్ కంటే ముందు వరుసను నిర్ణయించే అంకె) ఉన్న మూవ్‌లలో నెమ్మదిగా ఉన్నవారు ముందు ఆడతారు. ఐదు టర్న్‌లు ఉంటుందని వివరణలో రాసి ఉన్నా, ట్రిక్ రూమ్ వేసిన టర్న్ కూడా ఆ ఐదులో ఒకటి. ఆ మూవ్ ప్రయారిటీ మైనస్ 7 కాబట్టి దాన్ని వేసిన టర్న్‌లో అందరూ ఆడేసిన తర్వాతే అది అమల్లోకి వస్తుంది. చేతికి వచ్చేవి నాలుగు టర్న్‌లు. ఈ కేసులో నేను చేసిన పనంతా ఆ నాలుగు టర్న్‌లు ఎక్కడికి పోతున్నాయో లెక్క చూడటమే.

రీప్లేలలో కనిపించినది

అతని పాత టీమ్: అర్సలూనా, ఫారిగిరాఫ్, ఇన్సినరోర్, అమూంగస్, గోల్డెంగో, టాలన్‌ఫ్లేమ్. దాదాపు ప్రతి గేమ్‌లోనూ లీడ్ (మొదట దించే జంట) ఒక్కటే, ఫారిగిరాఫ్ పక్కన అర్సలూనా. మొదటి టర్న్‌లో ఫారిగిరాఫ్ ట్రిక్ రూమ్ వేస్తుంది, అర్సలూనా ప్రొటెక్ట్ (ఆ టర్న్‌లో దాడులు తగలకుండా ఆపే మూవ్) చేసుకుంటుంది. కాగితం మీద ఈ వరుసలో తప్పేమీ లేదు. ప్రొటెక్ట్ చేసుకున్న టర్న్ చివర్లో ఆర్బ్ బర్న్ పెడుతుంది, రెండో టర్న్ నుంచి ఐదో టర్న్ వరకు నాలుగు టర్న్‌లూ పూర్తి బలంతో కొట్టవచ్చు. ఐటమ్‌ను ఊడగొట్టే నాక్ ఆఫ్‌తో ఆర్బ్‌ను పోగొట్టుకునే ప్రమాదం కూడా ఆ ఒక్క ప్రొటెక్ట్‌తో తప్పుతుంది.

అయితే మొదటి గేమ్ చూసిన ప్రత్యర్థికి ఆ ప్రొటెక్ట్ ముందే తెలిసిపోతుంది. అర్సలూనా మొదటి టర్న్‌లో కదలదని తెలిసినవాడు తన రెండు దాడులనూ ఫారిగిరాఫ్ మీదే పెడతాడు. రెండో గేమ్‌లో ఫారిగిరాఫ్ ట్రిక్ రూమ్ వేయకముందే పడిపోవడం నేను చూసిన ఓటముల్లో పదే పదే కనిపించిన దృశ్యం. ఆ తర్వాత స్పీడ్ 49తో అర్సలూనా మైదానంలో నిలబడి దెబ్బలు తినడం తప్ప చేసేది ఉండదు.

రెండో నష్టం దీనికంటే తక్కువగా కళ్లపడేది. అర్సలూనాను లీడ్‌లో పెట్టని కొన్ని గేమ్‌లలో, ఫారిగిరాఫ్ ట్రిక్ రూమ్ వేసి పడిపోయాక అతను దాన్ని వెనక నుంచి తెచ్చేవాడు. ఒక పోకెమాన్ పడిపోయాక దాని బదులుగా వచ్చేది టర్న్ ముగింపు ప్రభావాలన్నీ పూర్తయ్యాకే వస్తుంది. కాబట్టి రెండో టర్న్‌లో సెట్టర్ (ట్రిక్ రూమ్ వేసేది) పడితే, బదులుగా వచ్చిన అర్సలూనాకు బర్న్ పట్టేది మూడో టర్న్ చివర్లో. మూడో టర్న్‌లో అది కొట్టే ఫసాడ్ 70 బలంతో, గట్స్ లేకుండా పోతుంది. నాలుగు టర్న్‌లలో పూర్తి బలంతో మిగిలినవి రెండు. ఆ రెండిటిలో ఒకదాన్ని అతను, అటాక్‌ను రెట్టింపు చేసే స్వోర్డ్స్ డాన్స్‌కు ఖర్చు పెట్టడం చూశాను. ఏనుగంత బలాన్ని మోసుకొచ్చి ఒక్క దెబ్బ కొట్టడమే అది.

సెట్టర్‌ను నిలబెట్టడం

ముందుగా ఫారిగిరాఫ్‌ను మార్చాము. పాతది హెచ్‌పీ, స్పెషల్ అటాక్‌లలో ఈవీలు పెట్టుకున్నది. దాని డిఫెన్స్ స్టాట్ 90. రిల్లాబూమ్, ఇన్సినరోర్ లీడ్ ఈ రెగ్యులేషన్‌లో తరచుగా ఎదురయ్యేది కాబట్టి దాన్నే కొలతగా తీసుకున్నాను. అటాక్ పూర్తిగా పెంచిన రిల్లాబూమ్, గ్రాస్ దాడుల బలం పెంచే గ్రాసీ టెరైన్‌లో కొట్టే వుడ్ హామర్ ఆ పాత ఫారిగిరాఫ్‌కు 189 నుంచి 223 వరకు చేస్తుంది. దాని హెచ్‌పీ 227. సిట్రస్ బెర్రీ 56 తిరిగి ఇచ్చినా, అటాక్ పెంచని ఇన్సినరోర్ నాక్ ఆఫ్ (బెర్రీ అప్పటికే తినేసినందున అదనపు బలం లేనిది) 110 నుంచి 132 వరకు తీసేస్తుంది. ఏ విధంగానూ బతకదు. అదే ఫారిగిరాఫ్‌కు డిఫెన్స్ పెంచే రిలాక్స్డ్ నేచర్, డిఫెన్స్‌లో 252 ఈవీలు ఇస్తే ఆ స్టాట్ 134 అవుతుంది. వుడ్ హామర్ 127 నుంచి 151, తర్వాతి నాక్ ఆఫ్ 74 నుంచి 90. బెర్రీతో కలిపి చూస్తే అత్యంత చెడ్డ సందర్భంలో కూడా 42 మిగులుతుంది. సెట్టర్ చేసే డ్యామేజ్ తగ్గింది కదా అని అతను అడిగాడు. సెట్టర్ ఎవరినీ పడగొట్టనవసరం లేదు. నిలబడి ఉండటమే దాని పని.

ఫారిగిరాఫ్ నిలబడటానికి ఇంకో విలువ ఉంది, చాలామంది దాన్ని మొదటి టర్న్‌తోనే మరచిపోతారు. దాని ఎబిలిటీ ఆర్మర్ టెయిల్, ప్రత్యర్థుల ప్రయారిటీ మూవ్‌లు తనకూ తన పక్కవాడికీ తగలకుండా ఆపుతుంది. మొదటి టర్న్‌లో, తడబరిచి ఆ టర్న్ పోగొట్టే ఫేక్ అవుట్‌ను, దాడి కాని మూవ్‌లను అడ్డుకునే విమ్సికాట్ ప్రాంక్‌స్టర్ టాంట్‌ను ఆపడం అందరికీ కనిపిస్తుంది. కానీ ట్రిక్ రూమ్ ప్రయారిటీని తిప్పదు. ట్రిక్ రూమ్‌లో కూడా రిల్లాబూమ్ గ్రాసీ గ్లైడ్, కింగ్‌గాంబిట్ సక్కర్ పంచ్, డ్రాగనైట్ ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ అర్సలూనా కంటే ముందే వస్తాయి. వాటన్నిటినీ ఆపేది ఫారిగిరాఫే. ట్రిక్ రూమ్ వేశాక దాని పని అయిపోయిందని వదిలేసే ఆటగాడు అర్సలూనాకు ఉన్న కవచాన్ని తీసేస్తున్నాడన్నమాట.

స్పీడ్ గురించిన నిర్ణయం

అతని అర్సలూనా స్పీడ్ ఐవీ (పుట్టుకతో వచ్చే, 0 నుంచి 31 వరకు ఉండే విలువ) సున్నా, నేచర్ బ్రేవ్, స్పీడ్ 49. అదే టీమ్‌లో టాలన్‌ఫ్లేమ్ టెయిల్‌విండ్ (మనవైపు స్పీడ్‌ను రెట్టింపు చేసే మూవ్) వేస్తుంది. టెయిల్‌విండ్‌లో ఈ అర్సలూనా స్పీడ్ 98, అంటే వేగమైన అటాకర్లెవరినీ దాటనిది. స్పీడ్ ఐవీ 31, స్పీడ్ తగ్గించని ఆడమెంట్ నేచర్‌తో ఉంటే స్పీడ్ 70, టెయిల్‌విండ్‌లో 140 అయి, స్పీడ్‌కు అనుకూల నేచర్ లేని రిల్లాబూమ్ గరిష్ఠం 137ను దాటుతుంది. రెండు దారులూ తెరిచి ఉంచుకోవచ్చన్న ఆశ చాలామందికి ఇక్కడే పుడుతుంది. నా అభిప్రాయంలో అది ఈ టీమ్‌కు పనికిరాదు. స్పీడ్ పెంచని కింగ్‌గాంబిట్ స్పీడ్ కూడా సరిగ్గా 70. 49 దగ్గర ఉంటే ట్రిక్ రూమ్‌లో దాని కంటే ముందే హెడ్‌లాంగ్ రష్‌తో దాన్ని పడగొట్టవచ్చు. 70 దగ్గర ఉంటే ఎవరు ముందన్నది నాణెం ఎగరేసినట్టే. స్టాట్లు షీట్‌లో కనిపించవు కాబట్టి ప్రత్యర్థికి ఈ సంగతి తెలిసేది దెబ్బ పడ్డాకే. అర్సలూనాను ట్రిక్ రూమ్‌కే వదిలేశాము. టెయిల్‌విండ్‌లో గోల్డెంగో ఆడాలని నిర్ణయించాము. రెండు విధానాలు, ఇద్దరు అటాకర్లు. దీనికి తప్పనిసరి షరతు ఒకటే, కొన్ని గేమ్‌లలో అర్సలూనాను నలుగురిలోకి ఎంచుకోకూడదు. దీన్ని అతను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

మూవ్‌లలో స్వోర్డ్స్ డాన్స్‌ను తీసేసి ఎర్త్‌క్వేక్ పెట్టాము. ఉన్న నాలుగు టర్న్‌లలో ఒకటి ఇచ్చి బలం రెట్టింపు చేసుకోవడం, 316 అటాక్ ఉన్నదానికి అక్కర్లేని బేరం. ఎర్త్‌క్వేక్ ఇద్దరికీ తగిలే దాడి, ఒంటరి దాడులను తనవైపు లాక్కునే రేజ్ పౌడర్ దాన్ని మళ్లించలేదు. పక్కనున్న ఫారిగిరాఫ్‌కు కూడా తగులుతుంది, గ్రాసీ టెరైన్‌లో సగమైపోతుంది. కాబట్టి అరుదుగానే వాడేది. టెరా టైప్ ఘోస్ట్‌గానే ఉంచాము. టెరా తర్వాత కూడా నార్మల్, గ్రౌండ్ మూవ్‌లకు సొంత టైప్ బలం పోదు. ఫైటింగ్ దాడులు తగలవు. గ్రాస్, వాటర్, ఐస్ బలహీనతలు పోతాయి. టెరా ఫైర్ పెడదామని ఒక దశలో ప్రస్తావన వచ్చింది. బర్న్ పట్టకముందే ఆ టెరా వాడితే ఫైర్ టైప్‌కు బర్న్ పట్టదు, ఆర్బ్ జేబులోని బొగ్గుముక్కే.

అసలు మార్పు: నెమ్మది పార్టింగ్ షాట్

ఈ కేసులో ఫలితాన్ని మార్చింది లీడ్‌ను మార్చడమేనని నా నిర్ధారణ. ఫారిగిరాఫ్ పక్కన అర్సలూనా బదులు ఇన్సినరోర్‌ను నిలబెట్టాము. ఆ ఇన్సినరోర్‌కు కూడా స్పీడ్ ఐవీ సున్నా, స్పీడ్ తగ్గించే నేచర్, స్పీడ్ 58. మొదటి టర్న్‌లో అది పార్టింగ్ షాట్ వాడుతుంది. అప్పటికి ట్రిక్ రూమ్ లేదు కనుక ప్రత్యర్థులిద్దరూ సాధారణంగా దాని కంటే ముందే ఆడేస్తారు. వారి దాడులు ముగిశాక ఇన్సినరోర్ ఒకరి అటాక్, స్పెషల్ అటాక్ తగ్గించి వెనక్కి పోతుంది, అర్సలూనా ఒక్క దెబ్బ కూడా తినకుండా దిగుతుంది. ఆ తర్వాత ఫారిగిరాఫ్ మైనస్ 7 ప్రయారిటీతో ట్రిక్ రూమ్ వేస్తుంది. టర్న్ చివర్లో ఆర్బ్ బర్న్ పెడుతుంది. రెండో టర్న్ మొదలయ్యేసరికి ట్రిక్ రూమ్ ఉంది, గట్స్ ఉంది, నాలుగు టర్న్‌లూ మిగిలే ఉన్నాయి.

ప్రొటెక్ట్ లీడ్‌తో పోలిస్తే లాభం టర్న్‌ల సంఖ్యలో కాదు, రెండిటిలోనూ అవి నాలుగే. ఇన్సినరోర్ దిగగానే ఇంటిమిడేట్ ఎబిలిటీతో ఎదుటివారి అటాక్‌ను తగ్గించడంతో, మనం కొలతగా పెట్టుకున్న ఆ వుడ్ హామర్ ఫారిగిరాఫ్‌కు 85 నుంచి 102 వరకే చేస్తుంది. ఎదుటివైపు ఇన్సినరోర్ లీడ్‌లో ఉంటే దాని ఇంటిమిడేట్ మన ఇన్సినరోర్‌కూ ఫారిగిరాఫ్‌కూ తగులుతుంది గానీ వెనక కూర్చున్న అర్సలూనాకు తగలదు. ఫేక్ అవుట్‌తో పార్టింగ్ షాట్‌ను అడ్డుకుందామంటే ఆర్మర్ టెయిల్ ఉంది. ఇక షీట్ చూసి, మొదటి గేమ్ కూడా చూసిన ప్రత్యర్థికి సైతం మొదటి టర్న్‌లో ఎవరిని కొట్టాలన్నది తేలని ప్రశ్నే, ఎందుకంటే ఇన్సినరోర్ అక్కడే ఉండి కొట్టవచ్చు కూడా.

ఈ లీడ్ చెల్లని చోట్లు ఉన్నాయి. ఎదుట గోల్డెంగో ఉండి దాని మీద పార్టింగ్ షాట్ వేస్తే దాని ఎబిలిటీ గుడ్ యాజ్ గోల్డ్ ఆపేస్తుంది, ఇన్సినరోర్ అక్కడే మిగిలిపోతుంది. కింగ్‌గాంబిట్‌కు డిఫయంట్ ఎబిలిటీ ఉంటే ఇంటిమిడేట్ కూడా, పార్టింగ్ షాట్ కూడా దాని అటాక్‌ను పెంచుతాయి. షీట్‌లో డిఫయంట్ కింగ్‌గాంబిట్ కనిపిస్తే పాత ప్రొటెక్ట్ లీడ్‌కే వెళ్లమని అతనికి చెప్పాను. పూర్తి డిఫెన్స్ ఉన్న ఫారిగిరాఫ్‌కు కింగ్‌గాంబిట్ కౌటౌ క్లీవ్ దాడి 150 నుంచి 176 వరకే చేస్తుంది, ఒకటి తట్టుకోగలదు.

మార్పుల తర్వాతి ఒక పోరు

ఎదుటి టీమ్‌లో రిల్లాబూమ్, ఇన్సినరోర్, అమూంగస్, స్నీస్లర్ ముఖ్యమైనవి. మొదటి గేమ్‌లో మనవైపు పాత లీడ్, అటువైపు రిల్లాబూమ్, ఇన్సినరోర్. అర్సలూనాకు ఇంటిమిడేట్ తగిలింది. రెండో టర్న్‌కు ట్రిక్ రూమ్ పడి ఉంది, రెండు లక్ష్యాలు ఎదురుగా ఉన్నాయి. ఇక్కడ అతను వేసిన అడుగు సరైనది: ఫారిగిరాఫ్‌తో హెల్పింగ్ హ్యాండ్, అర్సలూనాతో ఫసాడ్ రిల్లాబూమ్ మీద. ఇంటిమిడేట్ అటాక్‌ను మూడింట రెండు వంతులకు తగ్గిస్తే, హెల్పింగ్ హ్యాండ్ ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. రెండూ ఒకదానికొకటి చెల్లు. ఒంటరిగా 151 నుంచి 178 చేయాల్సిన దెబ్బ మళ్లీ 226 నుంచి 267 అవుతుంది, హెచ్‌పీ 207కు పెంచిన రిల్లాబూమ్‌నైనా పడగొడుతుంది. లక్ష్యం ఇన్సినరోర్ కాక రిల్లాబూమ్ ఎందుకంటే, టెరా వాడని అర్సలూనాను ఒక్క దెబ్బలో తీసేది వుడ్ హామర్ మాత్రమే. రిల్లాబూమ్ పట్టుకున్నది దాడి కాని మూవ్‌లను వాడనివ్వని అసాల్ట్ వెస్ట్, అంటే ప్రొటెక్ట్ చేసుకోలేదు. అదీ షీట్‌లోనే ఉంది. ఆ గేమ్ గెలిచాడు. రిల్లాబూమ్ వేసిన గ్రాసీ టెరైన్ టర్న్‌కు పదహారో వంతు తిరిగి ఇస్తూ మన బర్న్ ఖర్చును సరిగ్గా భర్తీ చేయడం ఆ గేమ్‌లో అందిన చిన్న కానుక.

రెండో గేమ్‌లో ప్రత్యర్థి అమూంగస్, ఇన్సినరోర్ లీడ్ చేశాడు. వెనకటి రోజుల్లో మన ఆటగాడు ఓడిపోయేది ఇటువంటి మలుపులోనే. అమూంగస్ ఎంత నెమ్మదైనా మైనస్ 7 కంటే ముందే ఆడుతుంది. ఫారిగిరాఫ్‌కు స్పోర్ తగిలితే ట్రిక్ రూమ్ పడదు. ఒకవేళ పడినా, ప్రయారిటీ ఉన్న రేజ్ పౌడర్‌తో అమూంగస్ ఆ రూమ్‌లో కూడా అర్సలూనా కంటే ముందు ఆడి దెబ్బలన్నీ తనవైపు లాక్కుంటుంది. డిఫెన్స్ పూర్తిగా పెంచిన అమూంగస్‌కు తగ్గని అటాక్‌తో ఫసాడ్ 186 నుంచి 220 వరకు చేస్తుంది. దాని హెచ్‌పీ 221. ఆ ఒక్క హెచ్‌పీ మీద ఎన్నో గేమ్‌లు తిరగబడతాయి. అయితే ఆ లీడ్ వస్తుందని ఊహించి అతను ఈసారి టాలన్‌ఫ్లేమ్, గోల్డెంగోలను ముందుంచాడు, అర్సలూనాను ఎంచుకోనేలేదు. గోల్డెంగోకు స్పోర్ పట్టదు, ఫేక్ అవుట్ తగలదు. ఫేక్ అవుట్ టాలన్‌ఫ్లేమ్‌కు తగిలింది. చేతిలో దాడుల అదనపు ప్రభావాలను ఆపే కవర్ట్ క్లోక్ ఉండటంతో అది తడబడలేదు, హెచ్‌పీ తగ్గి గేల్ వింగ్స్ ప్రయారిటీ పోయినా సొంత వేగంతోనే టెయిల్‌విండ్ వేసింది. మేక్ ఇట్ రెయిన్ ఇద్దరికీ తగిలేది కాబట్టి దాన్ని రేజ్ పౌడర్ మళ్లించలేకపోయింది. అయినా ఇన్సినరోర్ ఫ్లేర్ బ్లిట్జ్‌కు గోల్డెంగో తొందరగానే పడిపోయి ఆ గేమ్ పోయింది. నా దృష్టిలో ఎంపిక సరైనదే. గోల్డెంగోకు టెరా వాడాల్సిన టర్న్ ఒకటి ఆలస్యమైంది.

మూడో గేమ్‌లో ఆ ఎంపిక ఫలితం కనిపించింది. ట్రిక్ రూమా, టెయిల్‌విండా అన్నది తెలియక ప్రత్యర్థి అమూంగస్‌ను వెనక ఉంచి స్నీస్లర్, రిల్లాబూమ్ లీడ్ చేశాడు. మనవైపు ఫారిగిరాఫ్, ఇన్సినరోర్. మొదటి టర్న్‌లో అటువైపు రెండు దాడులు చెరొకరి మీద పడ్డాయి, తర్వాత పార్టింగ్ షాట్, దాని వెంట అర్సలూనా, చివర్లో ట్రిక్ రూమ్. గ్రాసీ టెరైన్ పడగానే చేతిలోని సీడ్ వాడేసి, అన్‌బర్డెన్ ఎబిలిటీతో వేగం రెట్టింపు చేసుకున్న స్నీస్లర్ ఆ రూమ్‌లో అందరికంటే చివర ఆడాల్సి వచ్చింది. రెండో టర్న్‌లో ఫసాడ్‌కు రిల్లాబూమ్, మూడో టర్న్‌లో హెడ్‌లాంగ్ రష్‌కు స్నీస్లర్ పడిపోయాయి. అమూంగస్ దిగేసరికి హెల్పింగ్ హ్యాండ్ సిద్ధంగా ఉంది, ఆ ఒక్క హెచ్‌పీ సమస్య రాలేదు.

ఇంకా తేలనివి

హెడ్‌లాంగ్ రష్‌పై మా ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదు. 120 బలం, గురి తప్పదు, కానీ వాడిన వెంటనే అర్సలూనా రెండు డిఫెన్స్‌లూ ఒక్కో మెట్టు తగ్గుతాయి. ట్రిక్ రూమ్‌లో మనమే ముందు ఆడతాం కాబట్టి ఆ తగ్గుదలతోనే ఆ టర్న్ దెబ్బలన్నీ తినాలి. 95 బలం, 95 శాతం గురి ఉన్న హై హార్స్‌పవర్ పెడదామని అతని వాదన. కింగ్‌గాంబిట్, స్నీస్లర్ లాంటి వాటికి 95 బలం కూడా సరిపోతుంది కానీ, నాలుగే టర్న్‌లున్న అటాకర్‌కు ఇరవైలో ఒకసారి గురి తప్పడం నాకు నచ్చదు. ప్రస్తుతానికి హెడ్‌లాంగ్ రష్ ఉంది, దెబ్బ కొడితే ఎదుటివాడు పడటం ఖాయమైన చోటే దాన్ని వాడాలన్న నియమంతో.

మరో చిక్కు ఎదుటివైపు కూడా ట్రిక్ రూమ్ టీమ్ ఉండటం. మన రూమ్ ఉండగా వారి సెట్టర్ అదే మూవ్ వాడితే రూమ్ ముగిసిపోతుంది. టార్కోల్ లాంటిది స్పీడ్ 22 వరకు దిగగలదు కాబట్టి రూమ్‌లో అర్సలూనాకు ముందు వరుస దక్కదు. అక్కడ రూమ్ వేయకుండా టెయిల్‌విండ్ వైపు వెళ్లమన్నది నా సలహా. కానీ వారి సెట్టర్‌ను అమూంగస్ స్పోర్‌తో నిద్రపుచ్చి, ముందే బర్న్ పట్టించి వెనక్కి పంపిన అర్సలూనాను తర్వాత తీసుకురావడం కూడా అతను ప్రయత్నిస్తున్నాడు. వెనక్కి పోయినా బర్న్ పోదు, వెనక ఉన్నంతసేపు హెచ్‌పీ తగ్గదు, తిరిగి దిగిన టర్న్ నుంచే గట్స్ పనిచేస్తుంది. ఈ దారిలో ముందుగా ఒక టర్న్‌ను ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ఇప్పుడు మేము రీప్లేలలో వెతుకుతున్నది.